ఎక్కిన గేరులోనే దిగాలి

అనకాపల్లి దగ్గర ఒక ఊరు అనుకుందాం. ఊరి పక్కన ఒక గుట్ట ఉంది. గుట్టకి ఇవతల చెరకు తోటలు ఉన్నాయి. అవతల బెల్లం గానుగలు ఉన్నాయి. చెరకు గానుగకి చేరాలంటే గుట్ట ఎక్కి దిగాలి. వేరే దారి లేదు.

ఆ ఊళ్లో ఒక పొదుపు సంఘం ఉంది. సంఘంలో పది మంది ఆడవాళ్లు. పది మందికీ కొద్దో గొప్పో చెరకు ఉంది. కోసిన చెరకు తోటలో పడి ఉంటే ఎండిపోతుంది. బరువు తగ్గుతుంది. తీపి కూడా తగ్గుతుంది. అయినా బాడుగ ట్రాక్టరు కోసం రెండేసి రోజులు కాచుకోవాలి. బండివాడు చెప్పిందే బాడుగ.

"మనమే ఒక ట్రాక్టరు, ఒక ట్రాలీ కొంటే?" అంది సత్యవతి. ఆమె సంఘం లీడరు.

అందరికీ ఆ మాట నచ్చింది. బ్యాంకు అప్పు ఇస్తానంది. కాగితాల మీద పది మందీ సంతకాలు పెట్టాలి. ఇదివరకు అయితే వేలిముద్రలు వేసి వచ్చేవాళ్లు. ఇప్పుడు అలా కాదు. సంతకం పెట్టే ముందు చదువుతున్నారు. చదివితే ప్రశ్నలు వస్తాయి.

షోరూము వాళ్లు ఇచ్చిన కాగితాన్ని నూకాలమ్మ కూడబలుక్కుని చదివింది. "గేర్లు. ముందుకు 8. వెనక్కి 2."

"ఎనిమిది గేర్లు ఎందుకు వదినా? ఒకటి చాలదా?" అని అడిగింది.

సత్యవతికి తెలియలేదు. మిగిలినవాళ్లకీ తెలియలేదు.

సత్యవతి కొడుకు శీను విశాఖపట్నంలో కారు నడుపుతాడు. ఆ రాత్రి ఫోను చేశాడు. "అమ్మా, నేను నడిపే కారులో గేరు మార్చే పనే లేదు. దానంతట అదే మారుతుంది. దాన్ని ఆటోమేటిక్ అంటారు. మీరూ అలాంటి ట్రాక్టరే చూడండి. క్లచ్ తొక్కే బాధ ఉండదు" అన్నాడు.

మర్నాడు సంఘంలో ఈ మాటే నడిచింది. కొందరు ఆటోమేటిక్ అన్నారు. కొందరు ధర తక్కువలో పాత బండి చాలన్నారు. నూకాలమ్మ మాత్రం మాట్లాడలేదు. మూడేళ్ల కిందట ఆమె అక్క ఆ గుట్ట కిందే చనిపోయింది. నాట్లకి పోయి ట్రాలీలో తిరిగి వస్తుంటే ట్రాలీ తిరగబడింది. "బ్రేకు పట్టలేదు" అన్నారు. అంతకన్నా ఎవరూ ఏమీ చెప్పలేదు.

"ముందు తెలుసుకుందాం. తరవాత కొందాం. మేస్త్రీని అడుగుదాం పదండి" అంది నూకాలమ్మ.

గేరు అంటే ఏమిటి?

మేస్త్రీ షెడ్డు రోడ్డు పక్కనే ఉంది. ఆయన ముప్ఫై ఏళ్లుగా ట్రాక్టర్లు బాగుచేస్తున్నాడు. ఆడవాళ్లంతా కలిసి రావడం చూసి బల్ల తుడిచి వేశాడు.

"మేస్త్రీ అన్నా, గేరు అంటే ఏమిటి? ఎందుకు అన్ని ఉంటాయి?" అని అడిగింది సత్యవతి.

మేస్త్రీ ఎదురు ప్రశ్న వేశాడు. "నెత్తిన కట్టెల మోపు పెట్టుకుని గుట్ట ఎక్కేటప్పుడు ఎలా నడుస్తారమ్మా?"

"చిన్న చిన్న అడుగులు వేస్తాం" అంది రమణమ్మ.

"పెద్ద అడుగు వేస్తే?"

"మోకాళ్లు పట్టేస్తాయి. మధ్యలో ఆగిపోతాం."

"మరి చేతులూపుకుంటూ చదును దారిలో పోయేటప్పుడు?"

"పెద్ద అంగలే వేస్తాం. చిన్న అడుగులు వేస్తే ఎప్పటికి చేరేను?"

"ట్రాక్టరు కూడా అంతే. ఒకటో గేరు అంటే చిన్న అడుగు. బలం ఎక్కువ, వేగం తక్కువ. పై గేరు అంటే పెద్ద అంగ. వేగం ఎక్కువ, బలం తక్కువ. ఇంజను ఒకటే. అడుగు మార్చుకోవడమే గేరు మార్చడం."

మేస్త్రీ మూల నుంచి రెండు పళ్లచక్రాలు తెచ్చాడు. ఒకటి చిన్నది. దానికి 20 పళ్లు. ఇంకొకటి పెద్దది. దానికి 60 పళ్లు. రెంటినీ కలిపి పెట్టి చిన్నదాన్ని తిప్పాడు. చిన్న చక్రం మూడు చుట్లు తిరిగితే పెద్ద చక్రం ఒక్క చుట్టు తిరిగింది.

"వేగం మూడో వంతుకి తగ్గింది కదా. బలం సుమారు మూడింతలు పెరిగింది. ట్రాక్టరు ఇంజను నిమిషానికి సుమారు 2000 చుట్లు తిరుగుతుంది. ఆ వేగం అలాగే చక్రానికి ఇస్తే బండి కదలనే కదలదు. అందుకే ఇలాంటి పళ్లచక్రాలు పెట్టెలో వరసగా అమర్చి ఉంటాయి. ఆ పెట్టే గేరుబాక్సు" అన్నాడు మేస్త్రీ.

మన ఊళ్లలో తిరిగే ట్రాక్టర్లకు ఎక్కువగా రెండు లివర్లు ఉంటాయి. ఒక లివరుతో 1, 2, 3, 4 గేర్లు, వెనక్కి పోయే గేరు వేస్తారు. రెండో లివరు 'లో', 'హై' అని రెండు రకాలు. 'లో' అంటే తక్కువ వేగం. 'హై' అంటే ఎక్కువ వేగం. నాలుగు గేర్లు రెండు రకాలుగా పనిచేస్తే ఎనిమిది. వెనక గేరు రెండు రకాలుగా పనిచేస్తే రెండు. కాగితంలో ఉన్న "ముందుకు 8, వెనక్కి 2" అదే. అన్నిటికన్నా చిన్న గేరులో బండి గంటకి రెండు మూడు కిలోమీటర్లే పోతుంది. మనిషి నడక కన్నా మెల్లగా. అన్నిటికన్నా పెద్ద గేరులో గంటకి సుమారు 30 కిలోమీటర్లు పోతుంది.

నూకాలమ్మ షెడ్డులో ఉన్న ట్రాక్టరు దగ్గరికి పోయింది. లివరు పక్కన గేర్ల బొమ్మ అంటించి ఉంది. వేలు పెట్టి అంకెలు చదువుకుంది.

క్లచ్ ఎందుకు కాలుతుంది?

"మరి క్లచ్ సంగతి?" అంది సత్యవతి.

ఇంజను తిరుగుతూనే ఉంటుంది. గేరు మార్చాలంటే ఆ బలాన్ని కాసేపు గేరుబాక్సు నుంచి విడదీయాలి. ఆ పని క్లచ్ చేస్తుంది. ఇంజను వెనక ఒక ప్లేటు ఉంటుంది. స్ప్రింగులు దాన్ని గట్టిగా అదిమి పట్టుకుంటాయి. పెడల్ తొక్కితే పట్టు వదులుతుంది. పెడల్ వదిలితే మళ్లీ పట్టుకుంటుంది.

"నూతిలో నీళ్లు తోడేటప్పుడు తాడు గట్టిగా పట్టుకుంటే చేతికి ఏమీ కాదు. పూర్తిగా వదిలేసినా చేతికి ఏమీ కాదు. అదే సగం పట్టుకుని జారనిస్తే?" అన్నాడు మేస్త్రీ.

"అరచెయ్యి కాలిపోతుంది" అన్నారు నలుగురూ ఒక్కసారే.

"క్లచ్ ప్లేటూ అంతే. కొందరు డ్రైవర్లు పెడల్ మీద కాలు పెట్టే బండి నడుపుతారు. మెరక మీద బరువుతో ఆగినప్పుడు సగం క్లచ్ తో బండిని నిలబెడతారు. ప్లేటు జారుతుంది. వేడెక్కుతుంది. కాలిన వాసన వస్తుంది. అది మార్చాలంటే ట్రాక్టరుని రెండు ముక్కలుగా విప్పాలి. ఖర్చు ఒకటి. చెరకు రోజుల్లో బండి ఆగిపోవడం ఇంకొకటి."

ఆటోమేటిక్ మంచిదా? కాదా?

సత్యవతి కొడుకు మాట అడిగింది. మేస్త్రీ ఆ మాట కొట్టిపారేయలేదు.

ఆటోమేటిక్ లో ముఖ్యంగా రెండు రకాలు ఉన్నాయి.

మొదటి రకంలో క్లచ్ పెడల్ ఉండదు. దాని బదులు నూనె పనిచేస్తుంది. రెండు ఫ్యాన్లు ఎదురెదురుగా పెట్టారనుకోండి. ఒకదానికి కరెంటు ఇస్తే దాని గాలికి రెండోది కూడా తిరుగుతుంది. ఇక్కడ గాలి బదులు నూనె. ఇంజను తిప్పే చక్రం నూనెని విసురుతుంది. ఆ నూనె ఎదుటి చక్రాన్ని తిప్పుతుంది. ఇంజను మీద బరువు ఎంత పడుతోందో చూసి గేరు దానంతట అదే మారుతుంది.

రెండో రకంలో లోపల అంతా చేత్తో మార్చే గేర్లే. క్లచ్ ప్లేటు కూడా ఉంటుంది. క్లచ్ తొక్కే పని, గేరు మార్చే పని మనిషి బదులు యంత్రం చేస్తుంది. తక్కువ ధర కార్లలో ఈ రకం ఎక్కువ.

"బరువు లాగడానికి ఆటోమేటిక్ పనికిరాదని కొందరు అంటారు. అది తప్పు మాట" అన్నాడు మేస్త్రీ. అమెరికాలో రైతులు పెద్ద పికప్ బండ్లకు ట్రాలీలు తగిలించి లాగుతారు. ఆ పెద్ద రకం పికప్ లలో 2018 మోడలు తరవాత చేత్తో గేరు మార్చే కొత్త బండి రావడమే మానేసింది. మన దేశంలోనూ కొన్ని పెద్ద లారీల్లో యంత్రమే గేరు మారుస్తోంది.

నూనె రకంలో మంచి ఉంది. మెరక మీద బరువుతో ఆగినా మెత్తగా కదులుతుంది. క్లచ్ ప్లేటు కాలదు. డ్రైవరుకి అలుపు తక్కువ.

చెడ్డ కూడా ఉంది. పెద్ద బరువుతో ఎక్కేటప్పుడు నూనె బాగా వేడెక్కుతుంది. దాన్ని చల్లార్చే ఏర్పాటు బాగుండాలి. నూనె చెడితే గేరుబాక్సే చెడుతుంది. బాగుచేయడానికి పట్నం పోవాలి. ఖర్చు ఎక్కువ.

రెండో రకంలో క్లచ్ ప్లేటు ఉంది కాబట్టి మెరక మీద మాటిమాటికీ ఆగి కదిలితే అదీ కాలుతుంది.

"మరి మన ట్రాక్టరుకి ఏది మంచిదన్నా?"

"మన షోరూముల్లో దొరికే ట్రాక్టర్లు దాదాపు అన్నీ చేత్తో గేరు మార్చేవే. దానికి కారణం ఉంది. కారు ఊళ్లో పోతుంటే నిమిషానికి నాలుగుసార్లు ఆగుతుంది, కదులుతుంది. ట్రాక్టరు అలా కాదు. దుక్కి దున్నేటప్పుడు ఒకే గేరులో పూటంతా పోతుంది. గేరు మార్చే పని తక్కువ. ధర తక్కువ. చెడితే ఇక్కడే బాగుచేసుకోవచ్చు. మీకు అదే చాలు. అయితే చేత్తో మార్చే గేర్లలోనూ రకాలు ఉన్నాయి. అది చూసుకోవాలి."

మొదటిది, జరిపి కలిపే రకం. పాత ట్రాక్టర్లలో ఇది ఎక్కువ. గేరు వేసినప్పుడు పళ్లచక్రమే జరిగి ఇంకో చక్రంతో కలుస్తుంది. బండి ఆపి గేరు మార్చాలి. నడుస్తుండగా మారిస్తే గరగరమంటుంది. పళ్లు విరుగుతాయి.

రెండోది, ఎప్పుడూ కలిసి ఉండే రకం. పళ్లచక్రాలు విడిపోవు. మధ్యలో ఒక చిన్న పట్టీ మాత్రం జరిగి కావలసిన చక్రాన్ని పట్టుకుంటుంది. గేరు తేలిగ్గా పడుతుంది. పళ్లు తొందరగా అరగవు.

మూడోది, వేగం కలిపే రకం. గేరు పడే ముందే రెండు చక్రాల వేగాన్నీ సమానం చేస్తుంది. కార్లలో, లారీల్లో ఉన్నట్టు నడుస్తుండగానే గేరు మార్చుకోవచ్చు. ధర ఎక్కువ. రోడ్డు మీద ఎక్కువ తిరిగే బండికి మంచిది.

"ఏ రకమైనా సరే, మెరక మధ్యలో గేరు మార్చుకుందాం అనుకోకూడదు. క్లచ్ తొక్కిన క్షణంలో బండిని పట్టుకునేది ఏదీ ఉండదు. వెనక బరువు కిందకి లాగేస్తుంది. ఏ గేరులో ఎక్కాలో కిందే నిర్ణయించుకోవాలి" అన్నాడు మేస్త్రీ.

ఆ రోజు బండి ఎందుకు ఆగలేదు?

అందరూ లేవబోయారు. నూకాలమ్మ లేవలేదు.

"ఎక్కడం తెలిసింది అన్నా. దిగడం చెప్పు. మా అక్క ఎక్కిన ట్రాలీ ఎందుకు ఆగలేదు?"

మేస్త్రీ చేతిలో ఉన్న స్పానరు కింద పెట్టాడు.

"ఆ ట్రాక్టరుని ఇక్కడికే లాక్కొచ్చారమ్మా. గేరు లివరు న్యూట్రల్ లో ఉంది."

న్యూట్రల్ అంటే ఏ గేరూ వేయకపోవడం. అప్పుడు ఇంజనుకీ చక్రాలకీ సంబంధం ఉండదు. బండి తన బరువుకి తనే దొర్లిపోతుంది.

మేస్త్రీ నేల మీద సుద్దతో లెక్క వేశాడు.

ట్రాక్టరు బరువు సుమారు 2 టన్నులు. ఖాళీ ట్రాలీ ఒకటిన్నర టన్ను అనుకుందాం. చెరకు నాలుగున్నర టన్నులు అనుకుందాం. మొత్తం 8 టన్నులు. అంటే 8000 కిలోలు. గుట్ట దారి పది అడుగులకి ఒక అడుగు చొప్పున దిగుతుంది. అప్పుడు పదో వంతు బరువు బండిని కిందకి తోస్తుంది. 8000 కిలోలలో పదో వంతు 800 కిలోలు. ఎనిమిది క్వింటాళ్ల ధాన్యం బరువంత బలం ఆపకుండా తోస్తూనే ఉంటుందన్నమాట.

దాన్ని ఎవరు ఆపాలి? చాలా ట్రాలీలకు బ్రేకులు ఉండవు. ట్రాక్టరు వెనక చక్రాల బ్రేకులే మొత్తం బరువుని ఆపాలి. రెండు టన్నుల ట్రాక్టరుని ఆరు టన్నుల ట్రాలీ వెనక నుంచి తోస్తుంది. బ్రేకు ఎక్కువసేపు నొక్కితే వేడెక్కుతుంది. వేడెక్కితే పట్టు తగ్గుతుంది. మలుపులో ట్రాలీ ట్రాక్టరు మీదకి మడత పడుతుంది. వేగం రెండింతలు అయితే ఆగడానికి నాలుగింతల దూరం కావాలి.

"గేరులో ఉంటే?" అంది నూకాలమ్మ.

"గేరులో ఉంటే చక్రాలు తిరగాలంటే ఇంజనుని కూడా తిప్పాలి. యాక్సిలేటరు మీద కాలు తీసేస్తే ఇంజను తేలిగ్గా తిరగదు. అదే బండిని పట్టుకుంటుంది. చిన్న గేరు అయితే పట్టు ఎక్కువ. ఇంజనే సగం బ్రేకు."

"మరి న్యూట్రల్ ఎందుకు కొట్టాడు?"

"డీజిల్ మిగులుతుందని."

"ఎంత మిగులుతుంది?"

"ఏమీ మిగలదమ్మా. న్యూట్రల్ లో కూడా ఇంజను నడవడానికి డీజిల్ తాగుతూనే ఉంటుంది. గేరులో దిగుతూ యాక్సిలేటరు వదిలేస్తే బండి బరువే ఇంజనుని తిప్పుతుంది. అప్పుడు పంపు డీజిల్ దాదాపు ఆపేస్తుంది."

షెడ్డులో ఎవరూ మాట్లాడలేదు. కాసేపటికి నూకాలమ్మ అంది. "ఇన్నాళ్లూ తలరాత అనుకున్నాం."

"డ్రైవరు చెడ్డవాడు కాదు. ఓనరు రోజూ డీజిల్ లెక్క అడుగుతాడు. వాడికి తెలిసిన ఉపాయం అదే. చెప్పినవాళ్లు లేరు" అన్నాడు మేస్త్రీ.

"రేపటి నుంచి ఆ ఓనరు మనమే కదా" అంది నూకాలమ్మ.

కొనే ముందు పరీక్ష

సంఘం రెండు ట్రాక్టర్లు చూసింది. ఒకటి పాతది. జరిపి కలిపే గేర్లు. ధర బాగా తక్కువ. ఇంకొకటి కొత్తది. ఎప్పుడూ కలిసి ఉండే గేర్లు. బ్రేకులు నూనెలో తడిసి ఉండే రకం. అవి తొందరగా వేడెక్కవు, ఎక్కువ రోజులు మన్నుతాయి. ధర ఎక్కువ.

"ఖాళీ బండి నడిపి చూపిస్తే కుదరదు. చెరకు వేసి గుట్ట ఎక్కి చూపించాలి" అంది సత్యవతి. ట్రాలీ నింపి కాటా వేయించారు. రమణమ్మ కాటా చీటీ చదివింది. మొత్తం బరువు 8,000 కిలోలు.

పాత బండి ముందు బయలుదేరింది. డ్రైవరు పెద్ద గేరులో జోరుగా ఎక్కించాడు. సగం దూరంలో ఇంజను మూలిగింది. చిన్న గేరు వేయబోయాడు. గేరు పడలేదు. గరగరమంది. బండి రెండు అడుగులు వెనక్కి జారింది. కుర్రాళ్లు పరుగెత్తి చక్రాల కింద రాళ్లు పెట్టారు. ఆడవాళ్లు రోడ్డుకి దూరంగా నిలబడ్డారు కాబట్టి ఎవరికీ ఏమీ కాలేదు.

తరవాత అదే ట్రాలీని కొత్త బండికి తగిలించారు. ఈసారి మేస్త్రీ డ్రైవరు పక్కన నడుస్తూ చెప్పాడు. గుట్ట కిందే బండి ఆపించాడు. 'లో' వేయించాడు. మూడో గేరు వేయించాడు. బండి మెల్లగా, ఒకే చప్పుడుతో పైకి ఎక్కింది. ఎక్కడా ఆగలేదు. గుట్ట మీద ఆపి, దిగేటప్పుడూ అదే గేరు వేయించాడు. డ్రైవరు యాక్సిలేటరు మీద కాలు తీశాడు. క్లచ్ ముట్టలేదు. బండి నడకలాగే దిగింది. మలుపు దగ్గర మాత్రం రెండుసార్లు బ్రేకు నొక్కాడు.

నూకాలమ్మ ట్రాలీ వెనకే నడిచి దిగింది. దాని వేగం ఆమె నడకని దాటలేదు.

సంఘం కొత్త బండే కొంది. పాతదాని కన్నా కిస్తీలు ఎక్కువ. దానికి పది మందీ ఒప్పుకున్నారు.

ఆ రాత్రి సత్యవతి కొడుకుతో అంది. "చేత్తో గేరు మార్చేదే తీసుకున్నాం నాయనా. మా దుక్కికీ మా గుట్టకీ అదే సరిపోతుంది. నీ కారులో గేరు దానంతట అదే మారినా, అరకు ఘాట్ దిగేటప్పుడు దాని మీద వదిలేయకు. లివరు చిన్న గేరులో పెట్టి దిగు. నీ కారైనా మా బండైనా పల్లంలో లెక్క ఒకటే."

ట్రాలీలో మనుషులు ఎక్కకూడదు

ఇంకొక నిర్ణయం కూడా చేశారు. ఆ ట్రాలీలో మనుషులు ఎక్కకూడదు.

ట్రాలీ సామాను కోసం చేసింది. దానికి స్ప్రింగులు సరిగా ఉండవు. పట్టుకోవడానికి ఏమీ ఉండదు. తిరగబడితే మనుషులు కిందే చిక్కుకుంటారు. ట్రాలీలో కూలీలని ఎక్కించడం చట్టానికీ విరుద్ధం. ప్రమాదం జరిగితే బీమా డబ్బు కూడా చిక్కులో పడుతుంది.

2018లో తెలంగాణలో రెండు పెద్ద ప్రమాదాలు జరిగాయి. ఏప్రిల్ లో నల్గొండ జిల్లాలో, జూన్ లో యాదాద్రి భువనగిరి జిల్లాలో కూలికి పోయే ఆడవాళ్లున్న ట్రాక్టర్లు కాలువల్లో పడ్డాయి. రెండు చోట్లా కలిపి 20 మందికి పైగా చనిపోయారు. ఎక్కువ మంది ఆడవాళ్లే.

"మరి పనికి ఎలా పోతాం?" అని అడిగింది రమణమ్మ. అది న్యాయమైన ప్రశ్నే. దూరం పనికి పిలిచినప్పుడు కూలితోపాటు ఆటో ఖర్చు కూడా ముందే మాట్లాడుకోవాలని సంఘంలో అనుకున్నారు. ఒక్కరు అడిగితే రైతు వినడు. పది మందీ కలిసి అడిగితే వింటాడు.

షెడ్డు గోడ మీద నూకాలమ్మ సున్నంతో పెద్ద అక్షరాలు రాసింది. "ఎక్కిన గేరులోనే దిగాలి." డ్రైవరు రోజూ బండి తీసే ముందు దాన్ని చూస్తాడు. సంఘం అతన్ని డీజిల్ లెక్క అడుగుతుంది. దానితోపాటు ఏ గేరులో దిగావు అని కూడా అడుగుతుంది.

గుర్తు పెట్టుకుందాం

1. బరువు లాగడానికి చిన్న గేరు. ఖాళీ బండికి పెద్ద గేరు.

2. ఏ గేరులో ఎక్కాలో మెరక కిందే నిర్ణయించాలి. మధ్యలో మార్చకూడదు.

3. ఎక్కిన గేరులోనే దిగాలి. న్యూట్రల్ కొట్టకూడదు. క్లచ్ తొక్కి దిగకూడదు. క్లచ్ తొక్కినా న్యూట్రల్ తో సమానమే.

4. క్లచ్ పెడల్ మీద ఊరికే కాలు ఉంచకూడదు.

5. ట్రాక్టరుకి కుడి చక్రానికి ఒకటి, ఎడమ చక్రానికి ఒకటి బ్రేకు పెడళ్లు ఉంటాయి. పొలంలో విడివిడిగా వాడతారు. రోడ్డు మీదకి వచ్చే ముందు రెంటినీ కొక్కెంతో కలపాలి. కలపకుండా ఒక్కటే నొక్కితే బండి ఒక పక్కకి తిరిగిపోతుంది.

6. మెరక మీద బండి ఆపితే చక్రాల వెనక చెక్క దిమ్మలు పెట్టాలి.

7. బ్రేకులు ఉన్న ట్రాలీ దొరికితే అదే కొనాలి. ట్రాలీ వెనక ఎర్ర దీపాలు, మెరిసే స్టిక్కర్లు ఉండాలి.

8. కొనే ముందు బరువుతో నడిపించి చూడాలి. డ్రైవరు లైసెన్సు, బండి బీమా కాగితం చదివి చూడాలి.

కొత్త మాటలు

గేరుబాక్సు: ఇంజను వేగాన్ని తగ్గించి బలం పెంచే పళ్లచక్రాల పెట్టె.

క్లచ్: ఇంజనుని గేరుబాక్సుతో కలిపేది, విడదీసేది.

న్యూట్రల్: ఏ గేరూ వేయని స్థితి.

ఆటోమేటిక్: గేరు దానంతట అదే మారే ఏర్పాటు.

కాటా చీటీ: బండి బరువు రాసి ఇచ్చే కాగితం.

లెక్క చేద్దాం

1. చిన్న చక్రానికి 15 పళ్లు. పెద్ద చక్రానికి 60 పళ్లు. పెద్ద చక్రం ఒక్క చుట్టు తిరగాలంటే చిన్న చక్రం ఎన్ని చుట్లు తిరగాలి?

2. ట్రాక్టరు, ట్రాలీ, సరుకు కలిపి 6000 కిలోలు. దారి పది అడుగులకి ఒక అడుగు దిగుతుంది. బండిని కిందకి తోసే బలం ఎన్ని కిలోలు?

ఆలోచించండి, మాట్లాడుకోండి

1. మీ ఊళ్లో పల్లం ఎక్కడ ఉంది? అక్కడ ట్రాక్టర్లు ఎలా దిగుతున్నాయి?

2. సంఘం పాత బండి ఎందుకు కొనలేదు? మీరైతే ఏం చేసేవాళ్లు?

3. ప్రమాదంలో తప్పు డ్రైవరు ఒక్కడిదేనా? ఇంకా ఎవరెవరిది?

4. మీరు పనికి ఏ బండిలో పోతున్నారు? ఆటో ఖర్చు ఎవరు పెట్టుకోవాలి?

రాయండి

మీ ఊరి ట్రాక్టరు డ్రైవరుని గేర్ల గురించి మూడు ప్రశ్నలు అడగండి. అతను చెప్పిన జవాబులు మీ పుస్తకంలో రాయండి. తరవాత "ఎక్కిన గేరులోనే దిగాలి" అని పెద్ద అక్షరాలతో ఒక అట్ట మీద రాయండి. అందరికీ కనిపించే చోట కట్టండి.